బొంకయ్య వేడుకలు

ముత్యాలు పోయాడని కబురు వచ్చిన రోజున మా ఇంట్లో బూరెలు వండించాను. దాచుకోవడం ఎందుకు, సంతోషించాను. మూకుడు పొయ్యి మీద పెడుతూ మా కోడలు, "ఇవాళ ఏం పండగండీ అత్తయ్యగారూ?" అని అడిగింది. తణుకు వైపు పిల్ల, మా పాలెం పాత గొడవలు దానికి తెలియవు. "నా పండగేలే, నువ్వు పూర్ణం ఉండలు చుట్టు" అన్నాను. వేడివేడిగా రెండు తిన్నాను. మూడోది నోట్లో పెట్టుకుంటే దిగలేదు. వయసు మీద పడింది కదా, నూనె సరుకు పడటం లేదని సరిపెట్టుకున్నాను.

ముత్యాలు మాకు చుట్టం కాదు. పక్కింటివాడు. వరస కలుపుకుని నేను అన్నా అని పిలిచేదాన్ని. మా అన్న నరసన్నా అతనూ ఒకే రేవులో ఈత నేర్చుకుని, ఒకే ఓడ ఎక్కి, కంపెనీవాళ్ళు బర్మా రాజు మీద చేసిన యుద్ధానికి వెళ్ళారు. ముత్యాలు ఒక్కడే తిరిగి వచ్చాడు. మా అన్న రాలేదు. శవం రాలేదు, గుడ్డపేలిక రాలేదు, ఫలానా చోట పోయాడని వేలు పెట్టి చూపించడానికి పిడికెడు మట్టి కూడా రాలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు అరవై దాటాయి. మధ్యలో ఇన్నేళ్ళూ ముత్యాల్ని క్షమించిన రోజు ఒక్కటి కూడా లేదని గర్వంగానే రాస్తున్నాను.

మా పాలెం నరసాపురానికి దిగువన, వశిష్ఠ గోదావరి గట్టున ఉండేది. ధవళేశ్వరంలో ఆనకట్ట అప్పుడింకా కడుతూనే ఉన్నారు. గోదావరి ఎవరి మాటా వినని రోజులవి. ఏటా వరద మా గడప దాకా వచ్చి చూసి వెళ్ళేది. ఇంటికి పది బారల దూరం నుంచే మా ఇంటి వాసన తెలిసేది. వలలు ముక్కిపోకుండా తుమ్మచెక్క ఉడకబెట్టిన నీళ్ళల్లో నానవేసేవాళ్ళం, ఆ వగరు వాసన. దాని మీద ఎండుచేపల వాసన, దాని మీద మా అమ్మ తరవాణి కుండ మూత తీసినప్పుడు వచ్చే పుల్లటి వాసన. తెల్లవారకముందే లేచి అమ్మ ఆ కుండలోంచి అందరికీ ముంతలతో పోసేది. ముందు అయ్యకి, తర్వాత అన్నకి, తర్వాత నాకు, ఆఖర్న అడుగు మిగిలితే తనకి. అయ్య అరుగు మీద కూర్చుని కాలి బొటనవేలికి దారం తగిలించుకుని వల అల్లుతూ ఉండేవాడు. పలకరిస్తే ఊ అనేవాడు, పలకరించకపోతే అదీ లేదు. ఇంట్లో మాటలన్నీ అమ్మవీ అన్నవీ. వాళ్ళిద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోట్లాడుకునేవారు, అదే వాళ్ళ ముద్దు.

అన్న చేపలు పట్టేవాడు కాదు, ఓడలకు దారి చూపేవాడు. గోదావరి సముద్రంలో కలిసే చోటుని మేం మొగ అంటాం. అక్కడ ఇసుకమేట ఇవాళ ఉన్న చోట రేపు ఉండదు. సముద్రం నుంచి వచ్చిన ఓడ ఎంత పెద్దదైనా మొగ దగ్గర ఆగి, మావాళ్ళలో ఒకణ్ణి ఎక్కించుకోవాల్సిందే. ఓడలవాళ్ళు అతన్ని పైలట్టు అనేవారు. మా అన్న ఇరవై రెండేళ్ళకే పైలట్టు. తాడుకి సీసపు గుండు కట్టి నీళ్ళల్లోకి వదిలి లోతు చూసేవాడు. గుండు అడుగున కొవ్వు పూసేవాడు, దానికి అడుగునున్న మట్టి అంటుకుని వచ్చేది. ఆ మట్టి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఫలానా పాయ, ఇక్కడ తిరగాలి అని చెప్పేవాడు. ఇంటికి వచ్చాక నా కళ్ళకి గుడ్డ కట్టి, వేరువేరు మట్టి పెళ్ళలు వాసన చూపించి, "ఇదెక్కడిదే సీతా?" అని అడిగేవాడు. నేను సరిగ్గా చెబితే బెల్లం ముక్క, తప్పు చెబితే ఆ మట్టే నా ముక్కుకి పూసేవాడు. ఇప్పుడు గోదావరి మట్టి నల్లదో ఎర్రదో కూడా మా మనవలకి తెలియదు. మొగ పూడిపోయి పెద్ద ఓడలు రావడం మానేశాయి. మా పిల్లలు కాలవ పడవల్లో, రైలుబండ్లలో తిరుగుతున్నారు.

యుద్ధానికి తెల్ల దండు పొగఓడల్లో వెళుతోందనీ, అక్కడి నది మన గోదావరిలాగే ఇసుకమేటలతో నిండి ఉంటుందనీ, మేటలు చూడటం తెలిసినవాళ్ళు కావాలనీ రేవు కచేరీ నుంచి మనిషి వచ్చాడు. అన్నకి పొగఓడంటే పిచ్చి. చక్రం తిరుగుతుంటే నీళ్ళు నురగలు కక్కడం ఒక్కసారి నరసాపురంలో చూసి వచ్చి నెల రోజులు అదే మాట. అమ్మ వద్దంది, తిట్టింది, రెండు పూటలు అన్నం మానేసింది. "వానలు పడే లోపు ఒచ్చేస్తానే అమ్మా, నీ నోటికి అందాకా విశ్రాంతి" అని నవ్వి, అన్న సిద్ధమయ్యాడు. తోడుగా, అన్నలాగే ఓడలకు దారి చూపే ముత్యాలు కూడా వెళ్ళాడు. ముత్యాలుకి అప్పటికి మంగతో పెళ్ళయి ఏడాది. మామిడి పిందెలు రాలే రోజుల్లో ఇద్దరూ ఓడ ఎక్కారు. మా పాలెమంతా రేవులో నిలబడింది, మంగ తప్ప. సిగ్గుపడి రాలేదేమో అనుకున్నాం.

వానలు పడ్డాయి, వెలిశాయి. మళ్ళీ మామిడికాయలు వచ్చాయి. ఒకరోజు పొద్దున్న అమ్మ చేపలు తోముతుంటే ముత్యాలు మా గడపలోకి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక ఎవరూ లేరు. మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇద్దరు వెళ్ళిన పడవలో ఒకడే తిరిగి వస్తే, ఆ వచ్చినవాడు ముందు పోయినవాడి గడప తొక్కాలి, జరిగింది జరిగినట్టు తల్లికి చెప్పాలి, ఆ తర్వాతే తన ఇంటికి వెళ్ళాలి. ముత్యాలు ఆ పద్ధతి తప్పలేదు. అతన్ని చూడగానే అమ్మకి సంగతి తెలిసిపోయింది. చేతిలో చేప అలాగే పట్టుకుని, "చెప్పు" అంది.

"పిన్నీ, నది మధ్యలో మా పొగఓడ ఆగిపోయింది. ముందు దారి లేదు, అన్నీ మేటలే. అటు గట్టునా ఇటు గట్టునా దుంగల కోటలు కట్టి బర్మావాళ్ళు తుపాకులు పెట్టుకుని కూచున్నారు. చిన్న పడవ దింపి ముందెళ్ళి లోతు చూసి రమ్మన్నాడు దొర. ఆ పూట వంతు నాది."

"నీదైతే వాడెందుకు ఎల్లాడు?"

ముత్యాలు తల వంచుకున్నాడు. "నా మంగ కడుపుతో ఉందని చెప్పేను పిన్నీ. కడుపుతో ఉన్నదాని మొగుడు కొత్త నీళ్ళల్లో గుండు ఎయ్యకూడదు కదా. అయితే నువ్వు దిగకు, నేనెల్తాను అన్నాడు నరసన్న. గుండు తాడు నా చేతిలోంచి తీసుకుని దిగేడు. పడవ వంపు తిరిగింది. తుపాకులు పేలాయి. ఆ తర్వాత పడవ చెక్కముక్క కూడా కనపడలేదు. దొర ఎదురుచూడలేదు, ఓడని వెనక్కి తిప్పించేశాడు."

కడుపుతో ఉన్న ఆడదాని భర్త సముద్రం దాటకూడదు, శవం మొయ్యకూడదు, పడవ ముక్కున నిలబడి కొత్త నీళ్ళ లోతు చూడకూడదు, చూస్తే లోపల బిడ్డకి చేటు. ఇది మా ఇళ్ళల్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఇలాంటి మాట చెప్పి తప్పుకుంటే తెల్లదొర నవ్వుతాడు గానీ మావాడు నవ్వడు. మావాడు పడవ దిగుతాడు. దిగాడు.

అమ్మ చేప పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నాతో "పోయి మంగని పిలుచుకురా, బిడ్డనెత్తుకుని రమ్మను" అంది. మంగ ఒట్టి చేతులతో వచ్చింది. ఏడాది తర్వాత మొగుణ్ణి చూసింది, చూసి గడపలోనే ఆగిపోయింది. ముత్యాలు కళ్ళు ఆమె చంక వైపే వెళ్ళాయి. అప్పటికి ఇంటి ముందు పాలెమంతా పోగయింది. "ఏమే మంగా, వీడు ఓడెక్కేనాటికి నువ్వు కడుపుతో ఉన్నావా?" అని అమ్మ అడిగింది. మంగ మొగుడి మొహంలోకి చాలాసేపు చూసింది.

"లేదత్తా" అంది.

ముత్యాలు అరిచాడు, ఒట్టు వేశాడు, ఓడ ఎక్కే రోజు నువ్వే కదే చెప్పావు అని ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె అడుగు వెనక్కి వేసింది. అయ్య అరుగు మీద నుంచి లేచి ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు. అమ్మ ఏడవలేదు. ఆ రోజూ ఏడవలేదు, తర్వాత కూడా నేను చూడలేదు. పదకొండో రోజున మా మేనత్త ఇంటి నుంచి కొయ్య ఉయ్యాల అడిగి తెచ్చింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, నా నెత్తిన పెట్టింది. "ముత్యాలు కొడుక్కి బారసాల" అని ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. జనానికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఒక్కరు కూడా ఇంట్లో ఆగలేదు.

ముత్యాలు ఇంటి దూలానికి ఉయ్యాల కట్టి అమ్మ లాలి పాడింది. మంచి గొంతు మా అమ్మది. ఖాళీ ఉయ్యాల ఊపుతూ, నానిన శెనగలు పంచుతూ, "వీడికి పేరు నేనే పెడతాను. బొంకులోంచి పుట్టాడు కాబట్టి బొంకయ్య" అంది. ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. ముత్యాలు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మంగ మాత్రం వచ్చినవాళ్ళకి చాపలు వేసింది, అమ్మ ఇచ్చిన శెనగలు కొంగులో పోయించుకుంది. దానికి సిగ్గూ లేదు ఏమీ లేదు అని అందరూ చెవులు కొరుక్కున్నారు.

అక్కణ్ణుంచి మొదలైంది. అన్నప్రాసన అని వెండిగిన్నెలో పాయసం పట్టుకెళ్ళింది అమ్మ. ఆ గిన్నె మా అన్నదే, వాడు మొదటి మెతుకు తిన్నది దాన్లోనే. ఏడాది నిండిందని గంట కట్టిన మొలతాడు. పుట్టువెంట్రుకలు తీయించాలని అంతర్వేది నుంచి మంగలిని పిలిపించి పంపిస్తే, అతను కత్తి నూరుకుంటూ "పిల్లాణ్ణి తేండమ్మా, పొద్దెక్కుతోంది" అని ముత్యాలు వాకిట్లో కేకలు. అయిదో ఏడు రాగానే అక్షరాభ్యాసానికి పలక కొంది. అది పంపేలోగా వారం రోజులు మా ఇంట్లో ఉంటే, నేను దాని మీదే ఓనమాలు దిద్దుకున్నాను, నరసాపురం మిషన్ బడి నడిపే దొరసాని ఇంటికి పట్టుకెళ్ళి, ఆమె అరుగు మీద కూర్చుని. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే బొంకయ్య పుణ్యమే. పదో ఏట విసురువల. అది అల్లమని అమ్మ అడిగితే అయ్య కాదంటాడనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా నెల రోజులు కూర్చుని, సన్న వలకళ్ళతో, పదేళ్ళవాడి చేతికి సరిపోయే బరువుతో అల్లాడు. ఇచ్చేముందు ఒకసారి వాకిట్లో విసిరి చూసుకున్నాడు. గుండ్రంగా పడింది.

ప్రతిసారీ అమ్మ అడిగే మాట ఒక్కటే. గడప బయట నిలబడి, ఎంతో మర్యాదగా, "నాయనా ముత్యాలూ, పిల్లాడు బాగున్నాడా?" అని అడిగేది. తిట్టు లేదు, శాపం లేదు. ఆ మర్యాదే అతన్ని తినేసింది. పాలెం పిల్లలు అతన్ని బొంకయ్య నాన్న అని పిలిచేవారు. చివరికి అసలు పేరు పోయి అదే నిలిచింది. బొంకేవాడితో నీళ్ళ మీదకి ఎవరు వెళతారు? ఓడలకు దారి చూపే పని పోయింది. గట్టు మీంచి లాగే పెద్ద అలివివలకి ఇరవై చేతులు కావాలి, ఆ ఇరవైలో అతని చెయ్యి పెట్టనివ్వలేదు. ఒంటి దోనె ఒకటి పెట్టుకుని, ఒంటరిగా పాయల్లో తిరిగి, దొరికింది తెచ్చుకునేవాడు. ఒకసారి మొగల్తూరు పోయి బతుకుదామని సామాను సర్దాడు కూడా. మంగ కదలనంది. ఇక్కణ్ణుంచి అడుగు తీస్తే గోదాట్లో దూకుతానందట. అది విని అమ్మ, "ఎంత మంచి పిల్లో" అని నవ్వింది. వాళ్ళకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. పాపం పండిందని అందరం అనుకున్నాం.

పన్నెండేళ్ళు నిండాక పెద్దలు వచ్చి, కానరాకుండా పోయినవాడికి ఇప్పుడైనా కర్మ చెయ్యాలి, మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేస్తే వాడి ఆత్మకి దారి దొరుకుతుంది అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "దారి చూపడం వాడి పని. వాడికి మనం చూపించేదేంటి?" అంది. అసలు సంగతి నాకు తెలుసు. కర్మ జరిగిపోతే అన్న చనిపోయినవాడవుతాడు. చనిపోయినవాడి తరపున కసి పట్టడానికి మనిషికి ఓపిక చాలదు. రానివాడి తరపునైతే ఎన్నాళ్ళైనా పట్టొచ్చు. అలా ఇంకో నాలుగేళ్ళు పట్టి, జొరం వచ్చి మంచం ఎక్కింది. నా చెయ్యి పట్టుకుని, "బొంకయ్యకి పదహారు ఒచ్చాయి. పెళ్ళి ఈడు. నువ్వు చెయ్యి" అంది. కూతురికి తల్లులు నగలిస్తారు, పొలాలిస్తారు. మా అమ్మ నాకు అది ఇచ్చింది.

అమ్మ పోయిన ఏడాది తిరక్కుండానే ఆ పెళ్ళి చేశాను. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. మేనమామ కొడుకునే చేసుకోవడం వల్ల పాలెం దాటిపోలేదు. బాసికాలు, పసుపుబట్టలు, కొబ్బరిబోండం పళ్ళెంలో పెట్టుకుని, డప్పు కొట్టించుకుంటూ వెళ్ళాను. ముత్యాలుకి అప్పటికే జుట్టు నెరిసింది. అన్నేళ్ళలో మొదటిసారి బయటికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "చాలించవా సీతా?" అన్నాడు. "మా అన్న ఒచ్చేక చాలిస్తాను" అన్నాను. ఆ మాట అప్పటికప్పుడు తట్టినందుకు ఎన్నో ఏళ్ళు మురిసిపోయాను. ఆ తర్వాత వెళ్ళలేదు. కసి చల్లారి కాదు, నా సంసారం నన్ను మింగేసింది. పురుళ్ళు, పెళ్ళిళ్ళు, చావులు. కానీ ముత్యాలు ఎదురుపడితే దారి మార్చేదాన్ని, ఉమ్మేసేదాన్ని. ఇప్పుడు మా పాలెం కుర్రాళ్ళు బర్మాలో రంగం రేవు బియ్యపు మిల్లుల్లో పనికి టిక్కెట్టు కొనుక్కుని సంతకి వెళ్ళినట్టు వెళుతున్నారు. వచ్చేటప్పుడు పెట్టెలూ గొడుగులూ తెస్తున్నారు. మా అన్నని మింగిన దేశం గురించి అక్కడ అరటిపళ్ళు బాగుంటాయని చెబుతారు. వాళ్ళ తప్పు కాదు. అయినా విన్నప్పుడల్లా లాగి లెంపకాయ కొట్టాలనిపిస్తుంది.

ముత్యాలు పెద్దకర్మ అయ్యాక పరామర్శకి వెళ్ళాను. పరామర్శ అన్నది మా కోడలికి చెప్పిన మాట. నిజానికి చూడటానికి వెళ్ళాను, ఆ ఇల్లు అతను లేకుండా ఎలా ఉందో. మంగకి డెబ్బై దాటాయి. బొట్టు లేని మొహం, ఒట్టి చేతులు, కళ్ళు మాత్రం తడి లేకుండా ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "వస్తావనుకున్నాను, కూచో" అంది. మూల ఉన్న కర్రపెట్టె నా ముందుకి లాగి మూత తీసింది. పైన విసురువల. దాని కింద పలక. గంట మొలతాడు, పసుపుబట్టలు, పురుగు పట్టకుండా వేపాకు మధ్య పెట్టిన బాసికాలు, అడుగున మా అన్న వెండిగిన్నె మెరుస్తూ ఉంది. రోజూ తోమితే తప్ప వెండి అలా ఉండదు.

"మా అమ్మ పంపినవన్నీ దాచావా?" అన్నాను.

"మీ అమ్మవి కావు. మా బొంకయ్యవి" అంది. ఆ పేరు ఎవరైనా అలా పలకగలరని నేనెప్పుడూ అనుకోలేదు. నా కొడుకుని నేను పిలిచినట్టు పలికింది.

"కడుపు నిజమే సీతా. ఆయన ఓడెక్కే రోజు పొద్దున్న చెప్పేను. ఉండిపో, సముద్రం దాటకూడదని నీకూ తెలుసు కదా అన్నాను. మాటిచ్చేశానే అని ఎల్లిపోయాడు. ఎల్లిన ఇరవై రోజులకి కడుపు పోయింది. ఎవరికీ చెప్పలేదు, జొరమన్నాను. మీ అమ్మే పాపం మిరియాల కషాయం కాసి తెచ్చింది. ఆవిడెల్లేక నేనొక్కదాన్నే పెరట్లోకెళ్ళి పాతిపెట్టుకున్నాను."

"మరి ఆ రోజు లేదని ఎందుకన్నావు?"

"ఒళ్ళు మండిపోయింది. నా దగ్గిర ఉండిపోడానికి పనికిరాని కడుపు, ఆయన ప్రాణం దాచుకోడానికి పనికొచ్చిందా అనిపించింది. ఒక్క పూట ఏడిపించి తరవాత చెబుదామనుకున్నాను. ఇంతలో మీ అమ్మ ఉయ్యాల తెచ్చింది."

ఆమే చెప్పుకుపోయింది. "ఎగతాళికి తెచ్చిందని నాకు తెలీదనుకున్నావా? తెలుసు. కానీ నా దూలానికి ఉయ్యాల ఊగింది. నా బిడ్డకి ఎవరో లాలి పాడేరు, పేరెట్టేరు. వాడికి ఏడాది నిండిందనీ, అయిదేళ్ళొచ్చాయనీ ఈ భూమ్మీద ఇంకెవరికి గుర్తుంది? కన్నతండ్రికే గుర్తులేదు. చెబితే మీ అమ్మ మానేసేది. అందుకే చెప్పలేదు. ఈ ఊరు కదిలితే వాడికి ఎవరు తెస్తారని కదల్లేదు. ఆయన నా కాళ్ళు పట్టుకున్నాడు, ఎన్నిసార్లో. మొన్న ఆఖరి పూట కూడా అడిగేడు, ఇప్పుడైనా సీతకి చెప్పవే అని. నువ్వెల్లేక చెప్తాను అన్నాను. చెప్పేను."

"అంత కసి ఏంటి వదినా?" అన్నాను. అడిగింది నేను, బూరెలు వండించుకుని తిన్న నేను.

నేను వల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ముత్యాలు బొంకలేదు. ఉన్నమాట చెప్పాడు, మా అన్న ఉన్నమాట నమ్మి పడవ దిగాడు. మరి నా అన్నని చంపిందెవరు? పడవ దింపమన్న దొర ఒకడున్నాడు. తుపాకుల మధ్యకి పంపి, ఎదురుచూడకుండా ఓడ వెనక్కి తిప్పించుకున్నవాడు. యాభై ఏళ్ళలో వాడి పేరేమిటని మా అమ్మ ముత్యాల్ని అడగలేదు, నేనూ అడగలేదు. వాడి జాతివాళ్ళు గట్టు మీద గుర్రాలెక్కి వస్తే మేం పక్కకి తప్పుకుని దణ్ణాలు పెట్టాం. చెయ్యి అందని చోట ఉన్నవాణ్ణి వదిలేసి, గోడ అవతల ఉన్నవాణ్ణి పట్టుకున్నాం. ఆ దొర ఏ దేశంలోనో మనవలని ఎత్తుకుని హాయిగా చచ్చిపోయి ఉంటాడు. వాడి ఇంటికి ఒక్క ఉయ్యాల కూడా పంపలేకపోయాను. ఆ మంట ఇప్పుడు నాలో కొత్తగా రేగింది. ఈ వయసులో దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్ళను?

లేవబోతుంటే మంగ నా చెయ్యి పట్టుకుంది. "అది సరే సీతా, నిన్నొకటి అడగాలనుంది. పెళ్ళి చేసేవు, ఆ తరవాత ఒక్కసారీ రాలేదు. ఏటేటా ఈ గుమ్మంలోనే కూచుని చూసేదాన్ని. మావాడికి పిల్లలు పుట్టలేదా?"

మతి చెడిందేమోనని మొహంలోకి చూశాను. లేదు, శుభ్రంగా ఉంది. జవాబు కోసం చూస్తోంది, అంతే.

"ఇద్దరు వదినా. పెద్దది ఆడపిల్ల" అన్నాను.

మంగకి కోపం వచ్చింది. నిజం కోపం, మనవల పురుడు కబురు చెప్పకపోతే ముసలివాళ్ళకి వచ్చే కోపం. "ఇద్దరు పుట్టేదాకా నాకు కబురెట్టలేదా? అంత కానిదాన్నయిపోయానా?" అని నా చెయ్యి విదిలించేసింది.

"తప్పయిపోయింది వదినా" అన్నాను. ఆ ఇంట్లో ఆ మాట మావాళ్ళెవరూ ఎప్పుడూ అనలేదు. అది వినవలసిన మనిషి పోయి అప్పటికి పదమూడు రోజులయింది.